నడిమి చాప

బెళుగుప్ప చర్చిలో మగవాళ్లు కుడిపక్క చాపల మీద, ఆడవాళ్లు ఎడమపక్క చాపల మీద కూర్చుంటారు. నడుమ కానుక సంచి తిరిగే దారి. ఉన్న ఒక్క ఫ్యాను ఆ దారి నెత్తినే ఉంది. ముప్పై ఏళ్లుగా అది ఎవరూ కూర్చోని చోటికి గాలి విసురుతోంది.

ఏ పక్కా చేరనిది సువార్త ఒక్కరే. పాస్టరు బల్ల పక్కన ఒక స్టూలు, ఎదురుగా పాత ఆంప్లిఫయర్. పదో తరగతి నుంచి దాన్ని నడిపే పని సువార్తది. ఆ పెట్టె ఒకసారి ఈల వేస్తే, కండక్టరు ఈల అనుకుని డ్రైవరు గుమ్మఘట్టలో బస్సు ఆపేశాడట. అప్పటి నుంచి డ్రైవరుకూ కండక్టరుకూ మాటల్లేవు.

గుమ్మఘట్టలో మోటార్లు రిపేరు చేసే ఇమ్మానుయేలు మొదటిసారి వచ్చిన ఆదివారం కూడా అది ఈల వేసింది. అతను లేచి వచ్చాడు.

"మైకు స్పీకరుకు ఎదురుగా పెట్టినావు. తిప్పల్ల."

"నీ చాప యాడుండాది?" అని సువార్త.

"ఆ పక్క."

"ఆడ కూర్చో."

కూర్చున్నాడు. ప్రసంగమంతా ఆంప్లిఫయర్ వైపే చూశాడు. దాని వెనకాల సువార్త ఉండడం అతని తప్పు కాదు. ఆ రోజు వాక్యం ఏమిటని ఇంట్లో అమ్మ అడిగితే, రెండు వందల ముప్పై వోల్టులు అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు ప్రతి ఆదివారమూ జేబులో స్క్రూడ్రైవరుతో వచ్చాడు. చర్చిలో అతను విప్పి బిగించని వైరు లేదు. ఆగస్టులో ఒకనాడు వాన పడింది. బెళుగుప్ప వాన అంటే, చినుకుకూ చినుకుకూ నడుమ మేక తడవకుండా నడిచిపోతుంది. అయినా ఇద్దరూ వసారాలో ఆగిపోయారు.

"నువ్వంటే నాకు ఇష్టం," అన్నాడు ఇమ్మానుయేలు.

"ముందు ఒకటి విను. నేను ఆడమనిషిని కాదు. మగమనిషినీ కాదు."

అతను ఆలోచించాడు. "అంటే, మగోనిగా మారల్లని ఉండాదా?"

"లేదు."

"రెండూ కొంచెం కొంచెమా?"

"లేదప్పా. కొంచెం కూడా లేదు. అందరికీ లోపల, నేను ఫలానా అని ఒకటి ఉంటాదంట. నాకు ఆ జాగాలో ఏమీ లేదు."

"అయ్యో."

"అయ్యో ఎందుకు? మీ ఇంట్లో ఏనుగు ఉండాదా?"

"లేదు."

"దాని కోసం దినమూ ఏడుస్తావా?"

"ఆ మాటే ఎప్పుడూ అనుకోలేదు."

"నాదీ అంతే."

ఇమ్మానుయేలు కాసేపు మేకలాగా వాన చూశాడు. "మరి నేనంటే?"

"ఏనుగు లేదన్నాను. మనసు లేదన్నానా?"

అంతే, సువార్త వానలోనే ఇంటిదారి. తడవలేదు.

సంతోషం పట్టలేక ఇమ్మానుయేలు అనంతపురం పోయి చర్చికి కొత్త ఆంప్లిఫయర్ తెచ్చాడు. ఆటోమేటిక్. ఈల వేయదు. పక్కన మనిషి అక్కర్లేదు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. స్టూలు తీసేశారు.

"ఇంక నీకు పని తప్పిందిలే. రామ్మా, మా పక్క కూర్చో," అని ఎస్తేరు అవ్వ చాప మీద జరిగింది, ప్రేమగానే.

సువార్త ఆ చాప వైపు ఒక చూపు, మగవాళ్ల చాప వైపు ఒక చూపు. తర్వాత చెప్పుల వైపు. మళ్లీ రెండు ఆదివారాలు రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

ఇమ్మానుయేలు ఇంటికే పోయాడు. సంఘపెద్ద యేసన్న, సువార్త నాయన, వసారాలో శనక్కాయలు ఒలుస్తున్నాడు. సువార్త గడప దాటలేదు.

"ఆ స్టూలు నాకు పని అనుకున్నావా? ఏ చాప మీద కూర్చున్నా వేరేవాళ్ల జాగాలో కూర్చున్నట్టుంటాది. నాదని ఒక జాగా ఉంటే, దానికి ఆటోమేటిక్ తెచ్చినావు."

"పాతది మళ్లా పెడతా."

"అది చెడిపోతే?"

మోటార్లు బాగుచేసేవాడికి ఆ ప్రశ్న తెలుసు. జవాబూ తెలుసు. ఏ పెట్టె అయినా ఒకనాడు చెడిపోవాల్సిందే.

"ఆదివారం ఒక్కసారి రా. నీకు నచ్చకపోతే, ఇంక నేను గుమ్మఘట్టలోనే ప్రార్థన చేసుకుంటా."

యేసన్న తలెత్తాడు. "ఏమప్పా, మా బిడ్డ సంగతి తెలుసునా నీకు?"

"తెలుసు పెద్దాయనా. ఏనుగు లేదు."

"అయితే అంతా తెలుసు," అని యేసన్న మళ్లీ కాయలు ఒలిచాడు.

ఆదివారం ఇమ్మానుయేలు చంకలో చాప చుట్టి తెచ్చి, నడిమి దారిలో, ఫ్యాను కింద పరిచాడు. ఒక అంచున కూర్చున్నాడు. పాస్టరు నోట పాట ఆగింది.

"ఏమప్పా, తోవలో కూర్చున్నావే?"

"సంచి నా చుట్టూ తిరిగి పోతాదిలే అయ్యా."

పాస్టరు యేసన్న వైపు చూశాడు. యేసన్న మగవాళ్ల చాప మీది నుంచి లేచి వచ్చి నడిమి చాప మీద కూర్చున్నాడు. "ముప్పై ఏండ్ల గాలి వట్టిగా పోయినాది," అన్నాడు. అది విని ఎస్తేరు అవ్వ కూడా వచ్చింది. రెండో పాటకు చాప నిండిపోయింది.

అప్పుడు వాకిట్లో సువార్త.

"నా జాగా యాడుండాది?"

ఇమ్మానుయేలు లేచి నిలబడ్డాడు. "ఇదే."

"మరి నువ్వు?"

"నాకు ఆ పక్క ఉండాది గదా."

సువార్త ఆ అంచున కూర్చుని, ఎస్తేరు అవ్వను మోచేత్తో నెట్టి, జానెడు చోటు చేసి, తలెత్తకుండానే ఒక మాట: "ఫ్యాను గాలికి అడ్డమొస్తాండావు. కూర్చో."

కూర్చున్నాడు. వెనక నుంచి యేసన్న, "పెండ్లికి ఇంకా పెద్ద చాప కావల్ల," అన్నాడు. సువార్త కాదనలేదు.

ఆ సాయంత్రం బస్సు గుమ్మఘట్టలో ఆగింది. ఇమ్మానుయేలు దిగలేదు. రాయదుర్గం దాకా కిటికీలో నవ్వుకుంటూ పోయాడు. అది చూడలేక డ్రైవరు వెనక్కి తిరిగి, ఇన్నేళ్ల తర్వాత కండక్టరును పలకరించాడట, "వీనికేమైనాదన్నా?" అని.