ఎడిటరమ్మ సవరణ

"ఈ రొసౌరా రాసింది చదువుతుంటే పడవలో కూర్చున్నట్టే ఉంటుంది, ఎడిటర్ గారూ!" అన్నాడు బల్తసార్, తడిసిన గొడుగు తలుపు వెనక పెడుతూ.

"పడవ ఎక్కితే కొందరికి వాంతులు కూడా అవుతాయి," అంది ఇస్మేనియా తల ఎత్తకుండానే.

"మీకు నచ్చలేదా?"

"నా ఇష్టాయిష్టాలతో పత్రిక నడవదు. రాసింది నిజమా కాదా, పేజీలో చోటుందా లేదా, అంతవరకే నా పని."

"అందుకే మీరంటే అందరికీ అంత హడల్!"

నవ్వేసి, చేతిలోని పొట్లం తీసుకెళ్ళి రొసౌరా బల్ల మీద పెట్టాడు. ఇస్మేనియాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

వల్దీవియా ఊళ్ళో వాన పడిందంటే వేడి వేడి సోపైపియాలు తినాల్సిందే. బల్తసార్ నది ఒడ్డు దుకాణంలో ఆ గుమ్మడికాయ రొట్టెలు కొని, వాన పడ్డప్పుడల్లా ఇస్మేనియా బల్ల మీద పెట్టేవాడు. వల్దీవియాలో వాన పడని రోజులే తక్కువ కనుక, ఆమె ఆ పొట్లానికి బాగా అలవాటు పడిపోయింది. పొట్లానికేనా అంటే, అది ఆమె తనకి తాను కూడా ఒప్పుకోని సంగతి.

వాళ్ళది 'ఎల్ రెమో' అనే చిన్న వారపత్రిక. బల్తసార్ బొమ్మలు వేస్తాడు. రొసౌరా కొత్తగా చేరిన విలేకరి. ముసలి కుస్తోదియో ప్రెస్సు చూసుకుంటాడు. రెండో పేజీ అడుగున 'బాధ్యత వహించు ఎడిటర్' అని ఇస్మేనియా పేరుంటుంది. అచ్చయిన ప్రతి మాటకీ జవాబు చెప్పాల్సింది ఆమే. పూర్తిగా చదవకుండా ఒక్క వాక్యం కూడా కొట్టెయ్యదని ఊళ్ళో ఆమెకి పేరు.

ఆ మధ్యాహ్నం రబ్బరు బూట్ల ప్రకటన ఒకటి ఆఖరి నిమిషంలో వచ్చి పడింది. ఏదో ఒకటి తగ్గించాలి. ముఖ్యమైనదంతా పైనే ఉంటుంది కనుక విలేకరుల వార్తని తోక దగ్గర కత్తిరించడం పత్రికల్లో మామూలే. కాకపోతే ఇస్మేనియా ఆ తోకని ముందు చదివేది.

ఆ రోజు మాత్రం అద్దాల తలుపు అవతల రెండు తలలు దగ్గరగా చేరాయి. బల్తసార్ ఏదో గుసగుసలాడాడు. రొసౌరా పకపకా నవ్వింది. ఇస్మేనియా కళ్ళల్లో నిప్పులు పోసుకుని, ఎర్ర పెన్సిల్ తీసి, రొసౌరా వ్యాసంలో చివరి మూడు పేరాలూ ఒక్క గీతతో కొట్టిపారేసింది. ప్రాణం హాయిగా అనిపించింది కూడా.

ఆ హాయి పత్రిక బజారుకి వెళ్ళేదాకానే.

బల్తసార్ పలకరింపు లేకుండా లోపలికొచ్చి, పత్రిక ఆమె ముందు పడేశాడు.

"మా మామయ్యని తాగుబోతుని చేశారు."

"ఎవరు మీ మామయ్య?"

"పడవ నడిపే దోన్ అలదీనో. మా అమ్మ తమ్ముడు. పడవ వెళ్ళి రేవు గోడకి కొట్టుకుంది. తాగి నడిపాడన్నారు జనం. చుక్కాని తీగ తెగిందని మెకానిక్ చెప్పాడు, ఒంట్లో చుక్క మందు లేదని డాక్టరు చెప్పాడు. అదంతా ఆ మూడు పేరాల్లోనే ఉంది! మీరు 'తాగి నడిపాడన్నారు' దగ్గర ఆపేశారు."

ఇస్మేనియా పత్రిక దగ్గరికి లాక్కుని ఆ వార్త ఆఖరి వాక్యం చూసింది.

"నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే చుట్టాల వార్త అని పక్కన పడేస్తారని భయపడ్డాను. అందుకే రొసౌరాని బతిమాలుకున్నాను. ఆ అమ్మాయి చుట్టూ తిరిగిందంతా దానికే. ఇవాళ ఆయన పడవ ఒక్కరూ ఎక్కలేదు. చేపల బజారులో ముక్కల కోసం నదిలోంచి ఒడ్డెక్కే సముద్ర సింహాలు తప్ప ఆయన మొహం చూసినవాళ్ళు లేరు. అసలా మూడు పేరాలూ చదివారా?"

"చోటు లేక..."

"చదివారా?"

"లేదు."

అతను గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

"'స్థలాభావం వల్ల' అని సవరణ వేసేద్దాం. ఎవడడుగుతాడు?" అన్నాడు కుస్తోదియో.

నిజమే, ఎవడూ అడగడు. తన పేరూ చెక్కు చెదరదు. కానీ ఒకసారి సగం నిజం అచ్చువేసి ఒక మనిషి పరువు తీసింది. ఇప్పుడు మళ్ళీ అదేనా? ఇస్మేనియా సిగ్గుతో చచ్చిపోతూనే కాగితం లాక్కుంది.

తరువాతి సంచికలో ఆ మూడు పేరాలూ మొదటి పేజీకెక్కాయి. వాటి కింద సవరణ: 'గత వారం ఈ భాగాన్ని ఎడిటర్ చదవకుండా తీసేసింది. స్థలాభావం వల్ల కాదు, ఈర్ష్య వల్ల. దోన్ అలదీనోకీ, రొసౌరాకీ క్షమాపణలు. – ఇస్మేనియా బర్రియెంతోస్, బాధ్యత వహించు ఎడిటర్.'

"అమ్మాయ్, ఊరంతా నవ్వుతుంది!" అన్నాడు కుస్తోదియో కళ్ళజోడు సవరించుకుంటూ.

"నవ్వనీ. వెయ్యి."

ఊరు నిజంగానే నవ్వింది. ఆమె తల దించుకుని పని చేసుకుంటూ ఉండగా, తడి బూట్ల చప్పుడు వచ్చి బల్ల ముందు ఆగింది. వేడి పొట్లం ఒకటి ఎర్ర పెన్సిల్ పక్కన కూర్చుంది.

"మామయ్య పడవ నిండా జనం. ఎక్కినవాళ్ళకల్లా మీ సవరణ చదివి వినిపిస్తున్నాడు," అన్నాడు బల్తసార్. "కానీ అందులో ఒక తప్పు పట్టాడు."

"మళ్ళీ ఏమైంది?"

"ఈర్ష్య అన్నారు సరే. ఎవర్ని చూసి? ఎవరి కోసం? అది రాయలేదు కదా, ఇదీ సగం వార్తేనట. సగం వార్తతో ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. ఆ ఎడిటరమ్మనే అడిగి రా, మంచి జవాబైతే ఇద్దరూ కలిసి నా పడవెక్కండి అన్నాడు."

ఇస్మేనియా మొహం కందిపోయింది. ఇక దాచి ఏం లాభం?

"రొసౌరాని చూసి. నీ కోసం. వాన పడగానే నువ్వు ఎవరి బల్ల దగ్గర ఆగుతావా అని పని మానేసి చూసేదాన్ని. నువ్వంటే నాకిష్టం బల్తసార్. ఎప్పట్నుంచో."

అతను బల్ల మీదికి వంగి ఆమెనే చూస్తున్నాడు.

"ఏమిటలా చూస్తావు? ఏదో ఒకటి అను!"

"చివరిదాకా విందామని. మధ్యలో కొట్టేసే అలవాటు నాకు లేదు."

"అయిపోయింది," అందామె.

"అయితే ఇప్పుడు నా వంతు. కొంచెం పొడుగ్గా ఉంటుంది. నువ్వు కొట్టెయ్యకుండా వినాలి."

ఇన్నాళ్ళూ 'మీరు' అన్న నోటినుంచి ఆ 'నువ్వు' వినగానే ఇస్మేనియా ఎర్ర పెన్సిల్ సొరుగులో పడేసి, ఎదుటి కుర్చీ అతని వైపు జరిపింది.