పగిలే కుండ

భ్రమరాంబ మంచం మీద ఒత్తిగిలి, పక్కనున్న కుండను మోచేత్తో కిందికి నెట్టింది. కుండ నేలమీద పడి, ఖంగుమని మోగి, గదంతా దొర్లి, మళ్ళీ మంచం కోడు దగ్గరికే వచ్చి ఆగింది. దానిమీద గీత కూడా పడలేదు. మూలనున్న ఊడ్పుమర కన్ను తెరిచి చూసి, ఊడవడానికేమీ లేదని మళ్ళీ మూసుకుంది.

"ఇదీ పగల్లేదే," అంది భ్రమరాంబ. "నన్ను సాగనంపడం నీకిష్టం లేనట్టుంది."

కూతురు చారుమతి కుండను చేతిలోకి తీసుకుని విసుగ్గా అటూ ఇటూ తిప్పింది. అది నాలుగోది. తల్లి అంత్యక్రియలకు కావలసిన కుండను తల్లి ఎదుటే చేసి, తల్లి చేతే పరీక్ష చేయిస్తున్న కూతురు రాజమండ్రి మొత్తం మీద ఆమె ఒక్కతే అయివుంటుంది.

గుమ్మం దగ్గర కూర్చున్న సాంబమూర్తి చెవులు మూసుకున్నాడు. ఆయన భ్రమరాంబ తమ్ముడు, పక్కవాటాలోనే ఉంటాడు. "మనిషి బతికుండగా ఆ కుండ ఇంట్లో పెట్టుకోవడమేంటక్కా? అశుభం కాదూ?"

"అశుభం నాకు కదరా, నీకేం? నీ కాఫీ నువ్వు తాగు."

ఆయన ముందు రెండు కాఫీ కప్పులున్నాయి. ఒకటి ఆయనది. రెండోది ఎవరికని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. భార్య వైదేహి పోయినా ఆయన ఎప్పుడూ కాఫీ రెండు కప్పుల్లోనే పోసుకుని వస్తాడు.

అభేదం అనే కొత్త పదార్థం వచ్చి ఒక తరం దాటింది. పింగాణిలాగే మెరుస్తుంది, పింగాణిలాగే ఎంత వేడికీ చలించదు. పగలడమొక్కటే దానికి చేతకాదు. మొదట్లో రాకెట్లకీ ఇంజన్లకీ వాడారు. తరవాత అది నెమ్మదిగా వంటింట్లోకి వచ్చింది. ఇప్పుడు పొయ్యి అదే, పళ్ళెం అదే, కిటికీ పలక అదే, పగటి ఎండను దాచుకుని రాత్రి దీపాలు వెలిగించే గోడ అదే. భ్రమరాంబ తుంటికీలూ, ముందుపళ్ళూ కూడా అదే. పెంకు గుచ్చుకుని ఏడ్చే పిల్లలు లేరని మురిసిపోయి ప్రభుత్వం ముక్కల నిషేధ చట్టం తెచ్చింది. పగిలే వస్తువు చేసినా నేరమే, పగలగొట్టినా నేరమే. కుండలు కాల్చే కుమ్మరి ఆవాలు చల్లారాయి. జనం హమ్మయ్య అనుకున్నారు. ఎవరు మాత్రం అనుకోరు?

చిక్కు చావు దగ్గర వచ్చింది. కర్మ చేసే మనిషి నీళ్ళకుండను భుజాన పెట్టుకుని శవం చుట్టూ తిరగాలి. వెనక నడిచే మనిషి చుట్టుకొక చిల్లు పొడవాలి. ఆఖరున వెనక్కి చూడకుండా కుండను వదిలేస్తే అది పగలాలి. పగలని కుండతో ఏం చేస్తారు? దానికీ ఉపాయం కనిపెట్టారు మహానుభావులు. దాని పేరు సవ్వడికుండ. మీట నొక్కితే చిల్లు తెరుచుకుంటుంది. కింద పడగానే లోపలున్న యంత్రం "ఫెళ్ళు"మంటుంది. దాన్నే తుడిచి, చిల్లులు మూసి, తరవాతి శవానికి ఇస్తారు.

భర్త పోయినప్పుడు ఆ కుండ ఫెళ్ళుమని అరిచి, దొర్లుకుంటూ భ్రమరాంబ కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఆవిడ ఆ రోజే కూతురికి చెప్పేసింది. "నాకు మాత్రం ఆ బొమ్మకుండ వద్దు. నిజంగా పగిలేది కావాలి. లేకపోతే నేను కదలను."

చారుమతి అభేదం కర్మాగారంలో కొలిమి విభాగానికి పెద్ద. ఇన్నేళ్ళుగా ఆమె ఉద్యోగమల్లా పింగాణిలో గాలిబుడగ గాని, ముతక రేణువు గాని మిగలకుండా చూడడమే. పగులు పుట్టేది అక్కడే కదా. గోదావరి ఒండుమట్టి తెచ్చుకున్నా ఆ చేతులు ఊరుకోలేదు. మట్టిని జల్లించాయి, మెత్తగా నూరాయి, అలవాటుకొద్దీ కర్మాగారం పొడి కొంచెం కలిపాయి. కుండ తయారైంది, రోకలితో మోదినా పగలదు.

"నీ చదువే నాకు అడ్డమొచ్చిందే," అని భ్రమరాంబ నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. వీపు రాస్తున్న చారుమతికి భయం వేసింది. అమ్మకు ఇచ్చిన మాట అమ్మ వెళ్ళేలోగా నెరవేరుతుందో లేదో.

అప్పుడామె తన చదువును తలకిందులు చేసింది. ఇన్నాళ్ళూ ఏరి పారేసినవన్నీ తెచ్చి మట్టిలో కలిపింది. ముతక ఇసుక వేసింది. ఊక వేసింది. కొలిమిలో ఊక కాలిపోయినచోటల్లా చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి, పగులుకి అవి చాలు. కుండ నీడన ఆరాక, పట్టపగలు అందరి ఎదుటా కర్మాగారం కొలిమిలో పెట్టి, సగం వేడి దగ్గరే ఆపేసింది.

"మేడమ్, ఇది పైవాళ్ళకి తెలిస్తే మీ ఉద్యోగం పోద్దండి," అన్నాడు పక్కనున్నతను.

"పోతే పోనీండి. దీని జోలికి మాత్రం రాకండి."

ఆ ఐదో కుండను భ్రమరాంబ నెట్టలేదు. వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది. కళ్ళు మెరిశాయి. "ఇది పగులుద్దే," అంది. దాన్ని పక్కలోనే పెట్టుకుని పడుకుంది. ఆ వారంలోనే పోయింది.

శ్మశానవాటికలో తెల్లగా తళతళలాడే పింగాణి దహనవేదిక ముందు చారుమతి ఎర్రటి కుండను భుజానికెత్తుకునేసరికి అధికారి వేదాద్రి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, అది పగులుద్దండీ!"

"పగలాలనే తెచ్చానండి."

"చట్టం ఒప్పుకోదండి. సవ్వడికుండ మేమే ఇస్తాం కదండీ. కొత్తగా శబ్దాలు కూడా రకరకాలు పెట్టారు. మీకు నచ్చింది ఎంచుకోండి."

చారుమతికి ఒళ్ళు మండింది. "మా అమ్మకి శబ్దాలు అక్కర్లేదండీ. మీరు కేసు రాసుకుంటూ ఉండండి, నేను తిరుగుతుంటాను."

ఆమె అడుగు వేసింది. వెనక సాంబమూర్తి చేతిలో ఇనుపచీల ఉంది.

"పెద్దాయనా, మీరు పొడిచారంటే మీమీద కూడా కేసేనండి," అన్నాడు వేదాద్రి.

సాంబమూర్తి చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ చేత్తోనే ఆయన వైదేహి కోసం మీట నొక్కాడు. మీట ఎంత మెత్తగా దిగిందో ఇప్పటికీ ఆ వేలికి గుర్తుంది. పళ్ళు బిగబట్టి ఒక్కటి పొడిచాడు. నీళ్ళు చివ్వున చిమ్మి చారుమతి వీపంతా తడిసింది. చుట్టుకొకటి చొప్పున మూడు చిల్లులూ ఆయనే పొడిచాడు. చారుమతి వెనక్కి చూడకుండా కుండను వదిలేసింది.

ఫెళ్ళుమనలేదు. ఠప్పుమంది, అంతే. యంత్రంలో వినే శబ్దానికీ దానికీ పోలికే లేదు. తడిమట్టి వాసన గుప్పుమంది. శ్మశానం ఊడ్పుమర వచ్చి, పెంకులంటే ఏమిటో తెలియక, వాటి చుట్టూ తిరుగుతూ కూతలు పెట్టింది. అమ్మ వెళ్ళిపోయిందని చారుమతికి అప్పుడు తెలిసింది. అందరి ఎదుటా నిలబడి, గొంతెత్తి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. వేదాద్రి కేసు రాశాడు, తల మాత్రం ఎత్తలేదు.

కర్మలు అయ్యేసరికి ఉద్యోగం పోయినట్టు కబురొచ్చింది. కోర్టు నోటీసూ వచ్చింది. చారుమతి పెరట్లో కూర్చుని మిగిలిన మట్టి ఎత్తబోతుండగా సాంబమూర్తి వచ్చాడు. చేతిలో ఒకటే కప్పు, అందులో కాఫీ లేదు.

"ఇది మీ అత్తయ్యది," అన్నాడు. "పొద్దుట్నుంచీ గోడకేసి కొడుతున్నానే చారూ. పగలదేం?"

"పగలదు మామయ్యా. అలా చేసింది మేమే."

"కడిగితే నిన్న కొన్నట్టే ఉంటది. ఎదురుగా అలా కూర్చునుంటే కాఫీ పొయ్యకుండా ఎలా ఉండమంటావు? ఆవిడ పళ్ళెం, ఆవిడ గిన్నె, ఆవిడ దువ్వెన. ఒక్కటీ పాతబడదు, ఒక్కటీ పోదు. ఇంకావిడ ఎలా వెళ్తాది?" ఆయన కప్పును అరచేత్తో తుడిచాడు. "ఆ రోజు నేను మీట నొక్కానంతే. ఆవిడ వెళ్ళలేదే. నా ఇంట్లోనే ఉంది."

చారుమతి ఆయన భుజం మీదుగా చూసింది. వీధిగుమ్మం దగ్గర మరికొందరు నిలబడివున్నారు. ఒకాయన చేతిలో కళ్ళజోడు పెట్టె ఉంది. ఒకావిడ చంటిపిల్లలు తినే చిన్న పళ్ళేన్ని గుండెకు హత్తుకుంది. వాళ్ళ వెనక వేదాద్రి కూడా ఉన్నాడు. కేసు పుస్తకం తేలేదు, అన్నం గరిటె ఒకటి తెచ్చాడు.

"మీ అత్తయ్యకి ఒక కుండ చేసిపెట్టవే," అన్నాడు సాంబమూర్తి. వెంటనే భయం వేసింది కాబోలు, గొంతు తగ్గించాడు. "మరి కేసో?"

చారుమతి కోర్టు నోటీసును మడిచి, బురద చేతులు దానికే తుడుచుకుంది.

"ఒక కుండకీ అదే కేసు, వంద కుండలకీ అదే కేసు మామయ్యా. ఆ కప్పు అక్కడ పెట్టి, పంచె ఎగ్గట్టి రా. అందరినీ లోపలికి రమ్మను. మట్టి తొక్కాలి."