చీటీ చివరి మాట

"డాక్టర్లకు కళ్ళుండవా సార్?"

ఆ అమ్మాయి నాతో అన్న రెండో మాట అది. మొదటిది పది రోజుల క్రితం అన్న "థ్యాంక్స్ సార్". అంతలో ఎంత తేడా!

ఆ రోజు వాళ్ళ నాన్నను ఓపీకి తీసుకొచ్చింది. నీరసం, ఆకలి లేదు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, ఆరు కిలోలు తగ్గారు. బీపీ కాస్త తక్కువగానే ఉంది. బయట లైను గేటుదాకా ఉంది. "వయసు కదండీ, ఏం ఫరవాలేదు" అని బలానికి మాత్రలు రాసి, చివర 'ఉప్పు తగ్గించండి' అని గీశాను. యాభై దాటినవాళ్ళ చీటీ చివర ఆ మాట రాయడం నాకు అలవాటు. చెయ్యి దానంతటదే రాసేస్తుంది, బుర్రను అడగదు.

ఇప్పుడాయన వీల్‌చైర్‌లో తల వాల్చేసి ఉన్నారు. లేవబోయి పడిపోయారట. బీపీ డెబ్బై. సెలైన్ పెట్టమని నర్సుకు చెప్పాను.

"మీరు రాశారని ఉప్పు మానిపించాను," అందామె. "నాన్న వంటింట్లోకెళ్ళి దొంగచాటుగా ఉప్పు నోట్లో పోసుకుంటుంటే చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టి డబ్బా దాచేశాను."

"ఉత్త ఉప్పు తింటున్నారా?"

"గుప్పెట్లో పోసుకుని! ఇంకోటి కూడా చూడండి."

బ్యాగులోంచి రెండు ఫోటోలు తీసింది. ఆమెకు ఇంట్లోనే ఫోటో స్టూడియో ఉందట. నాన్న పుట్టినరోజుకు ఏటా ఒకే కుర్చీలో, ఒకే లైటు కింద ఫోటో తీస్తుందట.

"ఇది పోయినేడాదిది. పుట్టినరోజుకి ఇంకా నాలుగు నెలలుంది కానీ, అనుమానమొచ్చి ఇది మొన్న తీశాను. నలుపు తిరిగిపోయాడు. ప్రింటర్ పాడైందేమోనని రెండుసార్లు ఇంకు మార్చాను."

"ఎండలో తిరిగుంటారు..."

"ఆర్నెల్లుగా ఇక్కడికి తప్ప గడప దాటలేదు సార్! మళ్ళీ పుట్టినరోజుకి ఆ కుర్చీలో మా నాన్న ఉండాలి. నాకు ఇంకెవరూ లేరు."

ఆయన అరచేతులు తిప్పి చూశాను. గీతలన్నీ సిరా పోసినట్టు నల్లగా ఉన్నాయి. నోరు తెరిపిస్తే చిగుళ్ళ మీదా నల్ల మచ్చలు. అప్పుడు తట్టింది.

మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయి. అవి పని మానేస్తే ఒంట్లో ఉప్పు నిలవదు, బీపీ పడిపోతుంది, చర్మం నల్లబడుతుంది. అరుదైన జబ్బు. పరీక్షలో అడిగితే గడగడా చెప్పేవాణ్ణి, మనిషి ఎదురుగా కూర్చుంటే పోల్చుకోలేకపోయాను.

రక్తం తీసి పంపించి, రిపోర్టు కోసం ఆగకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాను. సాయంత్రానికి పెద్దాయన కళ్ళు తెరిచి, "అమ్మాయ్, ఆ ఉప్పు డబ్బా ఎక్కడ దాచావే?" అన్నారు.

ఆమె నవ్వబోయి, వరండాలోకి పరుగెత్తి భోరుమంది.

"నా చేత్తో నేనే చంపుకునేదాన్ని."

"మీరు కాదు. నేను రాశాను, మీరు నమ్మారు. తప్పు నాది."

కళ్ళు తుడుచుకుని నిలదీసింది. "నా ఒక్కదానితో చెప్తే ఏం లాభం? నలుగురి ముందూ అనగలరా?"

మర్నాడు రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు రిపోర్టు చూసి, "భలే పట్టావోయ్!" అని భుజం తట్టారు. గమ్మున ఊరుకుంటే సరిపోయేది. కానీ మంచం పక్కన ఆమె నిలబడి ఉంది.

"పట్టింది వీళ్ళమ్మాయి సార్. ఉప్పు తగ్గించమని రాసి ప్రాణం మీదికి తెచ్చింది నేను."

జూనియర్లందరూ నేల చూపులు చూశారు. పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు మీంచి చూసి, "ఇక ముందు మనిషిని చూసి రాయి" అని పక్క మంచానికి వెళ్ళిపోయారు. నా చెవులు కాలిపోయాయి. ఆమె మాత్రం మొదటిసారి కోపం లేకుండా నా వైపు చూసింది. ఆ చూపు కోసం ఇంకో పదిమంది ముందైనా తప్పు ఒప్పుకునేవాణ్ణి!

ఆ తర్వాత నాకు పాస్‌పోర్ట్ ఫోటోల అవసరం తెగ పెరిగిపోయింది.

"నాయనా, ఇది అయిదోసారి," అన్నారు స్టూడియోలో కూర్చున్న వాళ్ళ నాన్న. "ఇంతకీ ఏ దేశం పోతున్నట్టు?"

"ఎక్కడికీ లేదండీ. మీరు మాత్రలు వేసుకుంటున్నారో లేదోనని..."

"వేసుకుంటున్నా. జీవితాంతం వేసుకోవాలని నువ్వే చెప్పావుగా. నువ్వూ జీవితాంతం ఇలా ఫోటోలే దిగుతావా?"

లోపల ఆమె ఏదో కింద పడేసిన చప్పుడు.

ఆయన పుట్టినరోజుకు నన్నూ పిలిచారు. బయట కుండపోత. తడిసి ముద్దయి వెళ్ళాను. అదే కుర్చీ, అదే లైటు. పెద్దాయన ముఖానికి పాత రంగు చాలావరకు తిరిగొచ్చింది. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ గుమ్మంలోనే మర్చిపోయాను.

"మీకు... నేనంటే..."

"చీటీ మీద గబగబా రాయడమైతే వచ్చు," అందామె తువ్వాలు అందిస్తూ. "నోటితో చెప్పడానికి ఇంతసేపా?"

"నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె కెమెరా సర్దుతూ, "అక్కడ కూర్చోండి," అంది.

అప్పుడు చూశాను. నాన్న కుర్చీ పక్కన రెండు స్టూళ్ళు వేసి ఉన్నాయి. నేను రాకముందే వేసిందట, పెద్దాయన చెవిలో చెప్పారు. టైమరు నొక్కి పరుగెత్తుకొచ్చి నా పక్కన కూర్చుంది.