యాదయ్య చేనులో రెండు గుంతలు

కంది కట్టె కోసుకుందామని హెప్సిబా చేనుకు వచ్చేసరికి, చేను తూర్పు దిక్కున ఒక మనిషి తలకాయ కనిపించింది. తల మాత్రమే. మెడ కింది భాగమంతా నేలలోనే ఉంది.

కొడవలి చేతిలో పట్టుకునే దగ్గరికి నడిచింది. నిలువు లోతు గుంత. అందులో కళ్లద్దాల యువకుడొకడు చాకు మొనతో గుంత గోడను గీకుతున్నాడు. రాలిన మట్టిని అరచేతిలో వేసుకుని, రెండు చుక్కలు నీళ్లు పోసి, రొట్టెల పిండిలా పిసుకుతున్నాడు.

"ఎవ్వర్నడిగి తవ్విండ్రు సార్?"

అతను ఉలిక్కిపడి పైకి చూశాడు. "సాయిల్ సర్వే అండి. సర్పంచ్‌కు చెప్పినం."

"చేను సర్పంచ్‌ది కాదు. మాది."

"సారీ. మీకు ఆయననే చెప్త అన్నడు."

"ఓట్లప్పుడు తప్ప ఆయన మాకేం చెప్పడు."

"సాయంత్రం మల్ల పూడుస్తం. ఒక్క తట్ట మన్ను గూడ బయటికి పోదు."

"మరి ఆ చేతిల ఉన్నది?"

అతను అరచేయి చూసుకున్నాడు. నవ్వొచ్చింది. "ఇది గూడ ఈడ్నే పెట్టి పోత."

అతని పేరు శివకుమార్. గద్వాలలో చీరలు నేసే ఇంటి పిల్లవాడు. నేలల శాస్త్రం చదివి, కాంట్రాక్టు మీద సర్వే పనిలో చేరాడు. ఎక్కడ పని పడితే అక్కడ గది. ఇప్పుడు వనపర్తిలో. గట్టు మండలంలో గుంతలు తవ్వడం ఆ వారమే మొదలైంది. తవ్విన కూలీలు అన్నానికి ఊళ్లోకి వెళ్లారు.

హెప్సిబా వెళ్లలేదు. గుంత ఒడ్డున కూర్చుంది.

"పిసికితె ఏం తెలుస్తది సార్?"

"ఇసుక ఎంత, బంక ఎంత తెలుస్తది. చూడుండ్రి, బొటనవేలుతో నొక్కితే రిబ్బన్ లెక్క సాగుతుంది. అంగుళం సాగి తెగింది. అంటే బంక మరీ ఎక్కువ లేదు."

అతను రంగుల పుస్తకం తీశాడు. పేజీ నిండా చిన్న చిన్న రంగు ముక్కలు. మట్టి పెళ్లను ఒక్కో ముక్క పక్కన పెట్టి చూసి, ఒకదాని మీద వేలు ఉంచాడు.

"అది కాదు. దాని కిందిది," అంది హెప్సిబా పైనుంచి.

అతను మళ్లీ చూశాడు. కిందిదే సరిపోయింది. చిన్నప్పటి నుంచి నూలు రంగుల మధ్య పెరిగిన తన కంటికి ఇంకొకరు సవరణ చెప్పడం అదే మొదటిసారి.

"ఈ మన్నుకు పేరుంటదా?" అడిగింది.

"ఉంటది. మొదలు ఏ ఊర్ల చూసి రాస్తరో ఆ ఊరి పేరు పెడ్తరు. గట్లాంటి మన్నే ఇంకోకాడ దొరికినా అదే పేరు."

"అంటె ఊరు ఇడిశి పోయినా ఊరి పేరు పోదు." ఆ మాట ఆమె తనకు తానే చెప్పుకున్నట్టు అంది.

ఫారం నింపడానికి అతను రైతు పేరు అడిగాడు. యాదయ్య. హెప్సిబా తండ్రి. బెంగళూరులో బిల్డింగు పని. అమ్మ చనిపోయి ఆరేళ్లయింది. తండ్రితో పాటు రెండేళ్లు రేకుల షెడ్డులో ఉండి, ఉండలేక హెప్సిబా ఒక్కతే తిరిగి వచ్చేసింది. డిగ్రీ అయిపోయింది. సీజనులో, విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగు పనికి పోతుంది. మిగతా రోజులు ఈ మూడెకరాలు. రాత్రి పడుకోవడం పక్కింటి సత్తెమ్మ పెద్దమ్మ దగ్గర.

"సార్, ఒకటి అడగనా? దీన్ల బత్తాయి ఒస్తదా? బోరుల నీళ్లున్నయి. తోట పెట్టొచ్చు అని ఎవరన్న చదువుకున్నోళ్లు చెప్తె మా నాయిన తిరిగి ఒస్త అన్నడు. లేకుంటె అమ్ముత అంటుండు."

ఆమె గొంతులో ఆశ ఉంది. శివకుమార్ సంచిలోంచి పలచని ఆసిడ్ సీసా తీసి, గుంత గోడ మీద పైనుంచి కిందికి చుక్కలు వేస్తూ వచ్చాడు. పైన ఏమీ కాలేదు. రెండున్నర అడుగుల కింద, తెల్లటి గడ్డలున్న చోట, చుక్క పడగానే బుసబుసమని నురగ వచ్చింది.

అతను పక్కనే ఇంకో చుక్క వేశాడు. మళ్లీ నురగ.

"ఏమైంది సార్?"

"సున్నం. గట్టి పొర ఉంది. బత్తాయి ఏర్లు ఈడిదాక ఒచ్చి ఆగిపోతయి. మూడు నాలుగేండ్లు పచ్చగుంటది. తర్వాత ఆకు పసుపు పడ్తది."

"గట్ల రాయకుంటె?"

"నేను రాయకపోతె పొర పోదు కద."

ఆమె ఫోను తీసి తండ్రికి కలిపి, స్పీకరు పెట్టి అతని వైపు చాపింది. "మీరే చెప్పుండ్రి."

అవతల కాంక్రీటు మిక్సరు మోత. "నమస్తె సార్. ఈ పిల్ల బత్తాయి బత్తాయి అని నా పానం తీస్తుంది. ఒస్తదా, రాదా? నిజం చెప్పుండ్రి."

శివకుమార్ చెప్పాడు. చెప్పకుండా ఉండే దారి కోసం ఒక్క క్షణం వెతికాడు, దొరకలేదు.

"అయితె నేనొచ్చి చేసేదేముంది," అన్నాడు యాదయ్య. "ఉగాది ముందు ఒచ్చి సంతకం పెట్టిపోత. బిడ్డా, నువ్వు గూడ సామాను సదురుకో."

హెప్సిబా ఫోను కొంగులో పెట్టుకుంది. కంది కట్టె కోయకుండానే, వెనక్కి తిరిగి చూడకుండా ఊరి దారి పట్టింది. మట్టి పరీక్ష ఫలితం పంపడానికని రాసుకున్న ఆమె ఫోన్ నంబరు ఫారం మీద మిగిలింది.

తర్వాతి రెండు వారాలు శివకుమార్ వీపనగండ్ల వైపు నల్లరేగడి గుంతల్లో ఉన్నాడు. పొద్దున వనపర్తి గదికి తాళం, సాయంత్రం అదే తాళం తీయడం. మధ్యలో ప్రతి పొరకూ లోతు, రంగు, గట్టిదనం, వేళ్లు ఎంతవరకు దిగాయి, అన్నీ రాస్తాడు. రోజూ అమ్మ కమల ఫోను చేసి తిన్నావా అంటుంది, తిన్నానంటాడు. అక్కడితో మాటలు అయిపోతాయి. మెస్సులో ఎదుటి కుర్చీలో రోజుకొకరు కూర్చుని లేచిపోతారు. ఇన్నాళ్లూ అదంతా మామూలే అనుకున్నాడు. గుంత ఒడ్డున కూర్చుని "దాని కిందిది" అనేవాళ్లు ఎవరూ లేరని ఇప్పుడు తెలుస్తోంది.

చాలాసార్లు ఆమె నంబరు తీశాడు. ఏమని ఫోను చేయాలి? మీ చేను గురించి నేను నిజమే చెప్పాను అనా?

ఒక మధ్యాహ్నం మెసేజి ఆమె నుంచే వచ్చింది. ఏడాది క్రితమెప్పుడో తీసిన ఫొటో. కంది చేను, సగం ఎండి, సగం ఇంకా పచ్చగా. కింద రెండు వాక్యాలు.

"పడమటి దిక్కు కంది ఏటేట పది పన్నెండు దినాలు లేటుగ ఎండుతది. ఒకటే మన్నైతే గిట్ల ఎందుకైతది?"

అతను ఆ ఫొటోను చాలాసేపు చూసి ఫోను చేశాడు.

"పడమర దిక్కు చేను జర పల్లంల ఉంటదా?"

"ఉంటది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? గుంత ఒక్కటే తవ్వినవ్. మూడెకరాలకూ అదే రాసినవ్. మా నాయినకు గూడ అదే చెప్పినవ్."

సార్ పోయి నువ్వు వచ్చింది. కోపంతో వచ్చిన ఆ నువ్వు అతనికి ఎందుకో హాయిగా తాకింది.

"తప్పు నాదే," అన్నాడు. "ఆడ మన్ను ఇంక లోతుండొచ్చు. ఆదివారం ఒచ్చి ఇంకో గుంత తవ్వుత."

ఆదివారం కూలీలు లేరు. గడ్డపార, పార బండికి కట్టుకుని ఒక్కడే వచ్చాడు. హెప్సిబా చర్చి నుంచి నేరుగా చేనుకు వచ్చి, అతని చేతులు చూసి పెదవి విరిచింది.

"గడ్డపార గట్ల పట్టుకుంటె పెన్ను పట్టుకున్నట్టుంది. ఇటియ్యి."

వంతులవారీగా తవ్వారు. ఆమె తవ్వితే అతను మట్టి ఎత్తిపోశాడు. నడుము లోతు దిగాక, ఆ కాలానికి రాకూడని వాన నాలుగు చినుకులు రాల్చింది. ఇద్దరూ తుమ్మచెట్టు కిందికి పరుగెత్తారు. చెట్టు చిన్నది. భుజాలు తగలకుండా నిలబడాలంటే ఎవరో ఒకరు తడవాలి. అతను తడిశాడు.

"లోపలికి జరుగు. భుజం తగిలితె రంగు అంటుతదా ఏంది?" అంది.

కాసేపటికి మళ్లీ ఆమే అంది. "ఒక్కదాన్నే వండుకుంటె ఏం కష్టమో తెల్సా? ఒక గ్లాసు బియ్యం ఎక్కువైతయి. అర గ్లాసు చాలవు. రోజూ పొద్దున సద్దన్నమే. అందరు ధైర్యమున్న పిల్ల అంటరు. అంటుంటె ఇంక ఏడ్వనీకి గూడ రాదు."

శివకుమార్ కళ్లద్దాల మీది చినుకులు తుడుచుకున్నాడు. "నేనైతె గుంతల్ల మాట్లాడుకుంట," అన్నాడు. "ఒకసారి కూలీలు ఇని, సార్‌కు దవాఖాన చూపియ్యాలన్నరు."

ఆమె నవ్వింది. ఆమె నవ్వడం అతను చూసింది అదే మొదలు.

సాయంత్రానికి ఐదడుగులు దిగారు. శివకుమార్ సీసా ఆమె చేతిలో పెట్టాడు. పైనుంచి కిందికి ఒక్కో చుక్క. రెండున్నర అడుగులు. మూడు. నాలుగు. చుక్క పడటం, ఎర్రమట్టిలో ఇంకిపోవడం. నురగ లేదు. అడుగున వేసి, ముఖం దగ్గరపెట్టి, చెవి కూడా ఆనించింది. చప్పుడు లేదు.

"లేదా?" అంది మెల్లగా.

"లేదు."

ఆమె గుంతలోనే కూర్చుండిపోయింది. అతను రంగుల పుస్తకం తెరిచాడు గానీ, ఆ సాయంత్రం ఏ ముక్కా సరిగా కనిపించలేదు.

సోమవారం అతను పై అధికారికి తన మొదటి రాత తప్పని చెప్పాడు. ఆయన కోప్పడ్డాడు. ఒకే చేనులో రెండు రకాల నేలుంటే, ఆ రెండూ ఎక్కడ విడిపోతాయో ఇరవై అడుగులకొకసారి బరమాతో నేలను తొలిచి, లోపలి మట్టి తీసి చూసి, మ్యాపు మీద గీత గీయమన్నాడు. దానికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ బరమా రెండో పిడి హెప్సిబా పట్టుకుంది. తూర్పున ఎకరంలో సున్నపు పొర. పడమటి రెండెకరాలు లోతైన ఎర్రనేల.

ఉగాదికి వారం ముందు యాదయ్య వచ్చాడు. కూతురు ఫోనులో చెప్పింది నమ్మలేదు. తిన్నగా చేనుకు వచ్చి, చెప్పులు విప్పి, రెండో గుంతలోకి దిగాడు. శివకుమార్ పొరలు చూపిస్తూ చెబుతుంటే విననట్టే ఉన్నాడు. అడుగు మట్టి తీసి వేళ్లతో నలిపాడు, మళ్లీ నలిపాడు.

"ముప్పై ఏండ్లు దున్నిన. గింత లోపల ఏముందో ఎన్నడు చూడలే," అన్నాడు. "సార్, మొన్న ఒకటి చెప్పినవ్. ఇయ్యాల ఇంకోటి చెప్తున్నవ్. రేపు?"

"మొన్న నేను అడగాల్సినోళ్లను అడగలే యాదయ్యన్నా. మీ బిడ్డ చెప్తెనే తెల్సింది."

యాదయ్య కూతురి వైపు చూశాడు. "ఇది ఎవరు తవ్విండ్రు?"

"మేమిద్దరమే నాయినా," అంది హెప్సిబా.

అతను గుంతను, ఇద్దరి అరచేతుల్లోని బొబ్బలను చూశాడు. కొనేవాడికి ఫోను చేసి, రావద్దన్నాడు. ఒప్పుకున్న పని పూర్తిచేసి జూన్‌లో వస్తానని, అప్పటికి బత్తాయి మొక్కలకు గుంతలు తీయించమని కూతురికి చెప్పి, మర్నాడే బెంగళూరు బస్సెక్కాడు.

శివకుమార్‌కు నాగర్‌కర్నూల్ పని పడింది. వనపర్తి గది ఖాళీ చేసి నాలుగు రోజులు గద్వాల ఇంట్లో ఉండి, వెళ్లేముందు హెప్సిబా ఊరికి వచ్చాడు. బండి ఆ రోజు మొరాయించడంతో బస్సులోనే వచ్చాడు. తిరుగు బస్సు కోసం నిలబడితే హెప్సిబా పక్కనే ఉంది.

"జూన్ దాంక మల్ల నేనొక్కదాన్నే," అంది రోడ్డు వైపు చూస్తూ.

"నాగర్‌కర్నూల్‌ల నేనొక్కన్నే."

"ఆడ గుంతలుంటయి కద. మాట్లాడుకో."

"ఇప్పుడు గుంతలతోని మాటలు ఒస్తలేవు," అన్నాడు. తర్వాత, నేల వర్ణన రాసినంత శ్రద్ధగా, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. "నువ్వంటె నాకు ఇష్టం హెప్సిబా. పెండ్లి చేసుకోవాలని ఉంది. నీకు లేకుంటె చెప్పు, ఇంక ఆ మాట ఎత్తను."

ఒక లారీ పోయింది. దాని దుమ్ము అణిగింది.

"మేము చర్చికి పోయెటోళ్లం. మీ ఇంట్ల తెల్సా?"

"మొన్న ఆదివారం చెప్పిన. నాయిన మగ్గం ఆపలే, ఏం అనలే. అమ్మ రెండు దినాలు నాతోని మాట్లాడలే."

"మరి?"

"ఇయ్యాల పొద్దుగాల చాయ్ ఇచ్చుకుంట అడిగింది. ఆ పిల్ల ఏం కూర ఇష్టంగ తింటదిరా అని. నాకు తెల్వదు అన్న."

హెప్సిబా మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. గద్వాల బస్సు వచ్చి ఆగింది. అతను ఒక కాలు మెట్టు మీద పెట్టి, దిగాలా ఎక్కాలా అని ఆగిపోయాడు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, అతన్ని పక్కకు జరిపి ముందుగా బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, ఖాళీ సీటు మీద దుమ్ము చేత్తో దులిపింది.

"ఎక్కు," అంది. "ఏం తింటనో మీ అమ్మకు నేనే చెప్త."