కాంతమ్మ ఛానల్‌కి కొత్త కన్ను

"పళ్ళెం కాస్త కుడికి జరపండి. ఆఁ, చాలు," అని చెవిలో చెప్పింది కనుపాప. మేరీ కాంతమ్మ పళ్ళెం జరిపింది. గోడకి ఆనుకుని భార్గవ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆ యంత్రం తయారుచేసింది అతనే మరి!

కాంతమ్మకి పుట్టుకతోనే చూపు లేదు. అయితేనేం, కాకినాడలో ఆవిడ వండే చేపల పులుసు వీడియోలు లక్షలమంది చూస్తారు. పోయినేడు దాకా ఫోన్ పట్టుకున్నది మొగుడు దేవదానం. ఊరికే పట్టుకునేవాడా! "ఎడమకి జరగవే! తలెత్తు! గరిటె ఫ్రేములో లేదు, ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అని వీడియో పొడుగునా ఒకటే సణుగుడు. చూసేవాళ్ళు విసుక్కునేవారు. ఆయన పోయాక కాంతమ్మకి ఆ సణుగుడే దిక్కయింది. ఫొటో పెట్టుకుని ఏం చేసుకుంటుంది? రోజూ పొద్దున్నే ఓ పాత వీడియో పెట్టుకుని, మొగుడి చేత నాలుగు తిట్లు తిని, అప్పుడు స్టవ్ వెలిగించేది.

కనుపాప అంటే అగ్గిపెట్టెంత కెమెరా. ఏది ఎటుందో చెవిలో చెబుతుంది, వీడియో తీస్తుంది, వణుకూ మసకా అక్కర్లేని చప్పుళ్ళూ తీసేసి తనే అప్‌లోడ్ చేస్తుంది.

"పాత వీడియోలు కూడా బాగుచేయించమంటారా అమ్మా?" అన్నాడు భార్గవ.

"చేయించు నాయనా! మా ఆయన చెయ్యి వణికేదిట," అంది కాంతమ్మ సంబరంగా.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "బాబూ, మా ఆయన మాటలేవి?"

భార్గవ పరుగున వచ్చి వీడియోలన్నీ తెరిచి చూశాడు. పులుసు ఉడుకుతోంది, కాంతమ్మ మాట్లాడుతోంది, అంతే.

"ఛానల్ మనిషి గొంతు తప్ప మిగతావన్నీ అక్కర్లేని చప్పుళ్ళే దానికి. పాతవాటి మీదే కొత్తవి సేవ్ చేసేసింది. ఇక తిరిగి రావమ్మా. తప్పు నాదే."

"అయితే మళ్ళీ పోయాడన్నమాట," అని కాంతమ్మ కింద కూలబడి భోరుమంది.

ఏం చెయ్యాలో తోచక భార్గవ తెరకేసి చూస్తూ ఉలిక్కిపడ్డాడు. "అమ్మా! స్టీలు గిన్నె మీద, అద్దంలోలాగా, ఆయన కనిపిస్తున్నారు! ఇదివరకు మసకగా ఉండేది, కనుపాప తేటగా చేసింది. ఫోన్ పట్టుకుని నవ్వుతున్నారు. ఈ వీడియోలోనూ, దీంట్లోనూ."

కాంతమ్మ ఏడుపు ఆపింది. "నవ్వుతున్నాడా? నన్ను తిడుతూనా?"

"మొదటినుంచీ చివరిదాకా నవ్వుతూనే ఉన్నారమ్మా."

అన్నేళ్ళ కాపురంలో ఆ గొంతులో ఆవిడ ఏనాడూ నవ్వు వినలేదు. తడుముకుంటూ వచ్చి, చల్లటి తెర మీద చెయ్యి వేసింది.

"ఆ నవ్వుకి చప్పుడుందా బాబూ?"

లేదన్నాడు భార్గవ.