ఏడో మేకు మీద మాస్కు

మా క్లినిక్‌లో ఇంజక్షన్ గది గోడకి పన్నెండు మేకులున్నాయి. ఒక్కో మేకుకీ ఒక్కో మాస్కు. తాడేపల్లిగూడెంలో డిసెంబరు వచ్చిందంటే ఆయాసం ఉన్నవాళ్లు నెబ్యులైజర్ మిషనుతో మందు ఆవిరి పెట్టించుకోవడానికి రోజూ వస్తారు. మాస్కు ఇంటికి తీసుకెళ్లి పోగొట్టుకోవడం ఎందుకని ప్లాస్టర్ ముక్క మీద పేరు రాయించి ఇక్కడే తగిలించిపోతారు. చొక్కా చిరిగినా గుండీలు దాచుకునే జనం మావాళ్లు. పేర్లు రాసేది నేనే. నా పేరు మునీరా, పదకొండేళ్లుగా ఇక్కడ నర్సుని.

ఆ నెలలో మా గాలి సంగతి అడగొద్దు. సార్వా వరికోతలు మిషన్లతో అయిపోతాయి. మిషను వదిలేసిన గడ్డి మోపు కట్టడానికి పనికిరాదు, దాళ్వా నాట్లకి వేళవుతుంటుంది, అగ్గిపుల్ల గీసేస్తారు. సాయంత్రానికి ఆ పొగ మంచుతో కలిసి ఊరి మీదకి దిగుతుంది. దానికి తోడు మిల్లుల్లోంచి ఊక బూడిద. చేలో నిప్పు పెట్టినవాళ్లే మర్నాడు మా బల్ల మీద కూర్చుని, "ఏం గాలండీ ఇది" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. అయినా మాస్కు పెడతాను.

ఏడో మేకు వెంకట్రాజుగారిది. పెంటపాడు రైతు. వయసులో పెద్దాయన, అయినా నన్ను 'అండీ' అనే పిలిచేవారు. మందు అయిపోయి నేను స్విచ్ మీద చెయ్యి వేయగానే మాస్కు లోంచే, "ఏవండీ… ఇంకో రెండు నిమిషాలు ఉంచండి" అనేవారు. రోజూ ఉంచేదాన్ని. పోయినేడాది ఒక సాయంత్రం మాత్రం బయట ఇరవైమంది దగ్గుతూ నిలబడ్డారు. "మందు లేదండి, ఉత్త గాలే వస్తోంది" అని మిషను కట్టేశాను. ఆయన లేచారు. మాస్కు తనే మేకుకి తగిలించి ఆటో ఎక్కారు. పెంటపాడు చేరకముందే పోయారు.

ఆ మాస్కు పారేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చేతులు రాలేదు.

ఈ డిసెంబరులో ఒక సాయంత్రం, ఆరు దాటింది. పొగకి రోడ్డు కనపడక పేషెంట్లు కూడా రాలేదు. పక్క మిల్లు మోత సైతం ఆగిపోయి వీధంతా మూగబోయింది. అప్పుడు వచ్చింది మా అమ్మాయి అర్షియా, స్కూలు నుంచి. పదేళ్లది. దానికీ ఆయాసమే. గుమ్మంలోనే కూలబడింది. పెదాలు నల్లబడుతున్నాయి.

డాక్టరుగారు ఏలూరు నుంచి వస్తూ దారిలో ఉన్నారు. "భీమడోలు దాటానమ్మా, ముందు ఆవిరి పెట్టెయ్" అన్నారు ఫోన్లో.

మేకు మీంచి అర్షియా మాస్కు తీస్తే నిలువునా చీలి ఉంది. కొత్తవి అయిపోయాయి. మిగతావన్నీ ఆ పొద్దున ఎవరో ఒకరు దగ్గినవే. ఏడాదిగా ఎవరూ ముట్టనిది ఒక్కటే ఉంది. వేడినీళ్లతో కడిగాను, స్పిరిట్‌తో తుడిచాను. పేరున్న ప్లాస్టర్ పీకేసి, పిల్ల ముఖానికి పెట్టి స్విచ్ వేశాను.

మిషను గుర్రుమంది. కాసేపటికి పిల్ల ఛాతీ కుదుటపడింది. పెదాల్లోకి రంగు వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత వాసన… కాలిన గడ్డి వాసన. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. వంగి చూశాను. మాస్కు లోంచే వస్తోంది.

మందు అయిపోయింది. స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఏవండీ…"

అర్షియా నన్ను 'అమ్మీ' అంటుంది. మాటలొచ్చినప్పటి నుంచీ అంతే.

"ఏంటి తల్లీ?" అన్నాను గుసగుసగా.

కళ్లు తెరవలేదు. "ఇంకో రెండు నిమిషాలు… ఉంచండి."

గొంతు దానిదే. చిన్నపిల్ల గొంతే.

ఉంచాను. గడియారం చూస్తూ రెండు నిమిషాలు. మళ్లీ చెయ్యి వేశాను. మళ్లీ అదే మాట, అంతే మర్యాదగా. "తప్పు నాదేనండి" అన్నాను. "దానికేం తెలీదు… వదిలేయండి."

గట్టిగా కళ్లు మూసుకుని కట్టేశాను.

అర్షియా ఊపిరి ఆగిపోయింది. దగ్గలేదు, కొట్టుకోలేదు… ఆగిపోయింది, అంతే. పెదాలు నల్లగా అయిపోయాయి. స్విచ్ వేశాను. ఊపిరి వచ్చింది.

ఇక స్విచ్ జోలికి పోలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు.

డాక్టరుగారు సెల్‌ఫోన్ లైటు వేసుకుని లోపలికొచ్చారు. అర్షియా నాడి చూశారు. "బానే ఉందమ్మా" అన్నారు. అని మిషను వైపు చూసి ఆగిపోయారు.

"ఇదెలా ఆడుతోంది మునీరా? ఆరింటి నుంచీ ఊళ్లో కరెంటు లేదంట కదా. మన ఇన్వర్టరు లైట్లకే. ఆ ప్లగ్గుకి రాదు."

మిషను గుర్రుమంటూనే ఉంది.

ఆయన చెయ్యి స్విచ్ మీదకి వెళ్లింది.

"ఏవండీ… ఇంకో రెండు నిమిషాలు ఉంచండి."

ఈసారి ఆ మాట అన్నది నేను. నా నోట్లో కాలిన గడ్డి వాసన.