మడతబల్ల మీది పంటిగాట్లు

ఆదివారం పొద్దున్నే మ్యూరియల్ టీ కప్పు పట్టుకుని పెరట్లోంచి కారు షెడ్డు వైపు నడిచింది. కవెంట్రీలో ఆ వీధి వీధంతా కార్ల ఫ్యాక్టరీ వాళ్లే. ఆదివారం చర్చికి పోయేవాళ్లు చర్చికి పోతారు, పడుకునేవాళ్లు పడుకుంటారు. మ్యూరియల్ మాత్రం ఇంట్లోని పాత జాగ్వార్ మార్క్ టూ కారు వెనక సీట్లో కాసేపు కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్లుగా అదే ఆమె ప్రార్థన.

ఆ కారంటే ఆమె భర్త విల్ఫ్‌కు ప్రాణం. కుర్రతనంలో ఫ్యాక్టరీలో వాటికి తలుపులు బిగించిన మనిషి. డాక్టర్లూ లాయర్లూ కొనే బండిని కొత్తగా కొనే తాహతు అతనికెక్కడిది? అది పాతబడి, అడుగు తుప్పుపట్టి, అడిగే నాథుడు లేని రోజుల్లో ఇంటికి తెచ్చుకున్నాడు. "చూడ్డానికి దొరబాబు, ఉరికిందా గుర్రమే! ఆ రోజుల్లో బ్యాంకు దొంగలు పారిపోయేదీ దీంట్లోనే, పోలీసులు తరిమేదీ దీంట్లోనే" అని ఇంటికొచ్చిన ప్రతివాడి చెవిలో ఊదుతాడు. లోపలంతా వాల్‌నట్ చెక్క, ఎర్రతోలు సీట్లు, ముందు సీట్ల వీపున విప్పుకునే చిన్న మడతబల్లలు.

ఆ మడతబల్లల్లో ఒకదాని అంచున మ్యూరియల్ ప్రాణం ఉంది. రెండు చిన్న పంటిగాట్లు, మధ్య కాస్త ఖాళీ. ఎనిమిదేళ్లకే మెదడువాపు జ్వరంతో పోయిన కొడుకు కీత్‌వి. పెన్సిలు దొరికితే పెన్సిలు, కాలరు దొరికితే కాలరు కొరికే పిల్లాడు. వాడు పోయిన కొన్నాళ్లకు ఆ గాట్లు ఆమె కంటబడ్డాయి. అప్పట్నుంచీ వారం వారం వాటిలో బొటనవేలు పెట్టుకుని కూర్చుంటుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మెరుగులకు వెళ్లిన కారు నిన్ననే ఇంటికొచ్చింది. ఇవాళ మధ్యాహ్నం పాత కార్ల అందాల పోటీ. మ్యూరియల్ వెనక సీట్లో కూర్చుని మడతబల్ల విప్పింది. వేలు అంచు మీద జారిపోయింది. ఇటు తడిమింది, అటు తడిమింది. చెక్క నున్నగా అద్దంలా ఉంది.

కప్పు చేతిలోంచి జారి భళ్లుమంది.

"విల్ఫ్!"

ఆ కేకకు విల్ఫ్ తుడుపుగుడ్డతో పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే కూతురు గిలియన్, చేతిలో సగం తిన్న బేకన్ బన్నుతో. ముప్ఫై అయిదేళ్ల గిలియన్ పక్క వీధిలోనే ఉంటుంది. పోటీకి వీళ్లతో వెళ్దామని వచ్చింది.

"ఏమైంది? సీటు మీద టీ పడిందా?" అన్నాడు విల్ఫ్.

"నీ సీటు తగలబడ! ఇక్కడి గాట్లేవి?"

"ఓ, అవా!" విల్ఫ్ మొహం వెలిగింది. "వడ్రంగి కొత్త చెక్కపొర అతికించాడు. జడ్జీలు లైటు వేసి చూసినా కనిపెట్టలేరు!"

"ఎవర్నడిగి తీయించావు? నీకు చేతులెలా వచ్చాయి? నీకున్నది గుండెనా, ఇంజనా?"

విల్ఫ్ తెల్లబోయాడు. "పంటిగాట్లేగా మ్యూరియల్. పిల్ల ఎదురుగా గుండ్రాయిలా ఉంటే గాట్లతో పనేముంది?"

"ఏ పిల్ల? కీత్ ఎక్కడున్నాడు ఎదురుగా?"

గిలియన్ నమలడం ఆపింది.

"కీత్ ఏంటమ్మా? అవి నా పళ్లు కదా."

"నోర్ముయ్. అన్నీ నీవేనా? వాడిదంటూ ఒక్కటి కూడా మిగలనివ్వవా?"

"గిల్‌వే మ్యూరియల్," అన్నాడు విల్ఫ్ మెల్లగా. "వేల్స్‌లో సముద్రానికి తీసుకెళ్లాను చూడు, నీకు ఒంట్లో బాగోక రాలేదు. కీత్ ముందు సీట్లో నా పక్కనున్నాడు. నేను లారీని దాటబోతుంటే వెనక సీట్లో ఇది హడలిపోయి బల్ల కరిచేసింది. అద్దంలో కళ్లారా చూశాను. నీకు తెలుసనుకున్నా."

మ్యూరియల్ మళ్లీ ఆ నున్నటి అంచును తడిమింది. గిలియన్ గొంతు అయిదేళ్ల పిల్లదిలా ఉంది.

"అంటే ఇన్నేళ్లూ నువ్వు తడిమింది అన్నయ్యనా?"

గిలియన్ తల్లి వైపు ఒక అడుగు వేసింది.

"అన్నయ్య పోయాక నన్నొక్కసారి దగ్గరికి తీసుకోలేదు నువ్వు. నువ్వు కార్లో కూర్చుంటే వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. పోనీలే, ఎదురుపడి ముద్దు చేయడం చేతకాకపోయినా అక్కడ కూర్చుని నన్నే తలుచుకుంటోంది అనుకునేదాన్ని. ఆ ఒక్క ధైర్యంతో పెరిగానమ్మా!"

ఒక బిడ్డ పోయాక మ్యూరియల్, రెండో బిడ్డను ముద్దు చేస్తే అదీ పోతుందేమోనని భయపడింది. ఆ భయమే అలవాటైపోయింది. బతికున్న పిల్ల కిటికీ అవతల నిలబడి ఉండగా, ఆ పిల్ల పంటిగాట్లనే పోయినవాడివనుకుని నిమిరింది. ఎంత గుడ్డిదాన్నయ్యాను అనుకుంది.

కారు దిగి కూతురి ముందుకొచ్చింది. "నోరు తెరువు."

"నోట్లో బన్నుందమ్మా..."

"తెరువంటుంటే!"

ముందుపళ్ల మధ్య అదే ఖాళీ. ప్రతి ఆదివారం భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని నవ్విన నోరే. మ్యూరియల్ ఆ గడ్డం పట్టుకుని బావురుమంది. గిలియన్ చేతిలోని బన్ను కింద పడింది. తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే విల్ఫ్‌కు ఏం చేయాలో తోచక గుడ్డతో తన కళ్లే తుడుచుకున్నాడు.

"పాత చెక్క ఉందేమో వడ్రంగిని అడగనా?" అన్నాడు చివరికి.

"వద్దు," అంది మ్యూరియల్.

మధ్యాహ్నం పోటీకి బయల్దేరారు. ఎప్పుడూ ముందు కూర్చునే మ్యూరియల్ వెనక్కి వెళ్లి కూతురి పక్కన కూర్చుంది. ఊరు దాటాక ముందు లారీ కనబడింది. డెబ్బయ్యేళ్ల విల్ఫ్‌లో కుర్రాడు నిద్రలేచాడు, ఇంజను గుర్రుమంది. గిలియన్ చేయి తనకు తెలియకుండానే మడతబల్ల మీదికి పోయింది.

మ్యూరియల్ ఆ చేతిని లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"దాని జోలికి పోకు, మీ నాన్న ఏడుస్తాడు. భయమేస్తే నా చెయ్యి కొరుక్కో తల్లీ."